ఉదయగిరి అర పెనాల్టీ

ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ సెమీఫైనల్‌లో ఇచ్చిన పెనాల్టీ మీద తలెత్తిన వివాదం ఉదయగిరిలో సామరస్యంగా పరిష్కారమైంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇరువర్గాలూ సంతకాలు చేశాయి. మ్యాచ్ ఆడిన దేశాలకు ఈ సంగతి ఇంకా తెలియదు. తెలియజేసే బాధ్యత తమది కాదని పెద్దలు స్పష్టం చేశారు.

ఆ రెండు దేశాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. శాంతిభద్రతల దృష్ట్యా వాటిని బహిరంగంగా పలకరాదని రాజీ పత్రం నాలుగో షరతులో ఉంది. ఒక జట్టుది చారల చొక్కా, ఇంకో జట్టుది ఎర్ర చొక్కా. చొక్కా తెలిస్తే మిగతా సంగతులు మన పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నరసింహ మాజీ సర్పంచి. సురేంద్రబాబు రిటైరైన హెడ్మాస్టరు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఎదురు వర్గాలు. ఎందుకు విడిపోయారో ఇద్దరికీ గుర్తు లేదు గాని, ఆ పనిలో ఏనాడూ లోటు రానివ్వలేదు. ఊరికి కొత్తగా ఏది వచ్చినా ముందు రెండుగా చీలి, ఆ తర్వాత అదేమిటో కనుక్కోవడం అక్కడి ఆనవాయితీ. కరోనా టీకా వచ్చినప్పుడు ఒక వర్గం ఎడమ చేతికి వేయించుకుందని తెలిసి రెండో వర్గం కుడి చేతికి వేయించుకుంది. నర్సులు సహకరించారు. ఈసారి ఫుట్‌బాల్ వచ్చింది. నరసింహ మనవడు నెల్లూరులో చారల చొక్కా కొనుక్కుని ఊళ్ళో బస్సు దిగాడు. ఆ సాయంత్రానికి ఆత్మకూరు బట్టల కొట్లలో ఎర్ర చొక్కాలు అయిపోయాయి.

మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక వచ్చేవి. అభిమానులు నిద్రపోయేవారు. పొద్దున ఆరు గంటలకు బస్టాండు ఎదుట పెంచలయ్య టీ కొట్టులో చర్చ మొదలయ్యేది. చూడని మ్యాచ్ గురించి మాట్లాడితే పక్షపాతానికి తావుండదని అందరూ ఒప్పుకున్నారు. ఎవరైనా మ్యాచ్ చూశారని అనుమానం వస్తే పక్క బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియకపోవడం వల్ల ఆ అంశం మీద చర్చ మూడు రోజులు నడిచింది. మూడో రోజు వింజమూరు బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. డ్రైవరు ఎర్ర చొక్కా. ఆలస్యం గురించి ప్రయాణికులు ఫిర్యాదు చేయలేదు. ఆఫ్‌సైడ్ గురించి చేశారు.

సెమీఫైనల్ ముగిసిన పొద్దున చారల జట్టుకు పెనాల్టీ దొరికిందని ఫోన్లలో కబురు వచ్చింది. నరసింహ వర్గం దాన్ని గోలుగా భావించి టపాసులు కాల్చింది. మ్యాచ్ ఎవరు గెలిచారన్న ప్రశ్న ఆ తర్వాత ఎవరికీ రాలేదు.

"ఏం హెడ్మాస్టరూ, నిద్ర పట్టిందా?" అన్నాడు నరసింహ టీ గ్లాసు అందుకుంటూ.

"అది పెనాల్టీ ఎట్టవతాదయ్యా?" అన్నాడు సురేంద్రబాబు. "ఆ పిలగాడి చెయ్యి పుట్టినప్పటి నించీ ఆడనే ఉండాది. బంతే వచ్చి తగిలింది."

"ఎద్దు చేలో పడితే, చేనే పోయి ఎద్దుకు తగిలిందంటావా?"

"నీ ఎద్దు సంగతి ఊరందరికీ తెలుసులే."

సమస్య ఇక్కడితో ఆగవలసింది. పెంచలయ్య పాలు మరగపెడుతూ ఒక మాట అన్నాడు. "మీకెందుకన్నా ఈ గొడవ? పీఈటీ సార్ని అడగండి. ఆయన మ్యాచ్ చూసినాడంట." ఈ మాటకు పెంచలయ్య తర్వాత రెండు వర్గాలకూ విడివిడిగా క్షమాపణ చెప్పుకున్నాడు.

పీఈటీ సారు పేరు ప్రేమానందం. బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ పోస్టు ఆరేళ్ళు ఖాళీగా ఉండి, మూడేళ్ళ కిందట ఆయనతో నిండింది. ఒక్క బంతితో పదకొండు మంది ఆడపిల్లలకు ఆట నేర్పాడు. ఆ జట్టు ఈ ఏడాది మొదటిసారి ఆత్మకూరు దాకా వెళ్తోంది. శనివారం ఆత్మకూరు జట్టుతో మ్యాచ్. గెలిచిన జట్టు నెల్లూరు పోటీలకు వెళ్తుంది. వెంట వ్యాయామ ఉపాధ్యాయుడు లేని జట్టును పోటీలకు రానివ్వరు. అంటే శనివారం దాకా ప్రేమానందం ఉదయగిరిలో ఉండాలి. ఆయనకు కావలసింది ఇంతే.

ఆయన పాల ప్యాకెట్టు కోసం వచ్చాడు. అడిగితే చెప్పాడు.

"చెయ్యి భుజం కంటే పైకి లేచుండాది సార్. పెనాల్టీ కరెక్టే."

నరసింహ లేచి నిలబడి అందరినీ చూశాడు.

"కానీ గోలు కాలా. బంతి బారు మీద నించి పోయినాది."

నరసింహ కూర్చున్నాడు. ఒకే ఊపిరిలో రెండు వర్గాలనూ నొప్పించిన మనిషి అంతకు ముందు ఉదయగిరిలో లేడు. అలా నొప్పించడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి చూసింది చెప్పడం.

పది గంటలకల్లా అర్జీ తయారైంది. "సదరు ఉపాధ్యాయుడు అర్ధరాత్రి వేళ మ్యాచ్‌లు వీక్షిస్తూ, వీక్షించినది వీక్షించినట్టు బహిరంగ ప్రదేశములలో వెల్లడిస్తూ, గ్రామ ప్రశాంతతకు భంగము కలిగించుచున్నందున తక్షణమే వేరొక చోటికి బదిలీ చేయవలసినదిగా" అందులో కోరారు. నరసింహ సంతకం చేశాడు. దాని పక్కనే సురేంద్రబాబు సంతకం చేశాడు. రోడ్డు అర్జీ మీద, తాగునీళ్ళ అర్జీ మీద, ఆసుపత్రి డాక్టరు అర్జీ మీద ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ కలవని సంతకాలు అవి. ఆ కాగితాన్ని చూడటానికి జనం వరసలో నిలబడ్డారు. కొందరు ఫోటో తీసుకున్నారు.

అర్జీ నెల్లూరు చేరకముందు దుత్తలూరు గురుస్వామి అడ్డుపడ్డాడు. గురుస్వామి పెద్దమనిషి. గట్టు తగాదాలు, దారి తగాదాలు నాలుగు వందల దాకా తీర్చినవాడు. విచారణ లేకుండా మనిషిని బదిలీ చేయడం ధర్మం కాదని, విచారణ చేసి బదిలీ చేయడమే ధర్మమని ఆయన అన్నాడు. పెనాల్టీ మీద పంచాయితీ గురువారం పొద్దున బడి మైదానంలో పెట్టారు.

విచారణ పద్ధతి ప్రకారం జరిగింది. హాజరు కావాలని ఆ మ్యాచ్ రెఫరీకి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపారు. పిన్‌కోడ్ లేదని పోస్టాఫీసు వెనక్కి ఇచ్చింది. మూడుసార్లు పిలిచినా రెఫరీ పలకనందున ఏకపక్షంగా విచారించాలని నిర్ణయించారు. సర్వేయరు గొలుసు తెచ్చి పెనాల్టీ ఏరియాను కొలిచాడు. ఉత్తరం వైపు రెండు సెంట్లు ఆక్రమణ తేలింది. ఆక్రమించింది బడి మరుగుదొడ్డి. సాక్షులుగా పద్నాలుగు మంది వాంగ్మూలం ఇచ్చారు. వారిలో ఒక్కరూ మ్యాచ్ చూడలేదని గురుస్వామి ముందుగానే నిర్ధారించుకున్నాడు.

తర్వాత ఆయన తీర్పు చెప్పాడు. "పెనాల్టీ ఉండాదని ఒక పక్షం. లేదని ఒక పక్షం. ఇద్దరూ గౌరవస్థులే. కాబట్టి పెనాల్టీ సగం ఉండాది, సగం లేదు. ఇక గోలు. బంతి బారు మీద నించి పోయిందంటున్నారు. ఎటు పోయింది? గోలు దిక్కుకే గదా. ఎనక్కి పోలేదు గదా. అర గోలు. ఇద్దరూ ఇళ్ళకు పోయి అన్నం తినండి."

మైదానంలో చప్పట్లు మోగాయి. ఎద్దు చేలో పడిన తగాదా నాటి నుంచి పలకరించుకోని ఇద్దరు బావామరుదులు ఆ ఊపులో కౌగిలించుకుని, గుర్తొచ్చాక విడిపోయారు.

ఒకటే కొదవ మిగిలింది. తీర్పు కింద ఆట తెలిసినవాడి సంతకం ఉండాలి. ఊళ్ళో ఆట తెలిసినవాడు ఒక్కడే. సంతకం పెడితే బదిలీ అర్జీ చింపేస్తారు. పెట్టకపోతే శుక్రవారం మొదటి బస్సుకు అర్జీ నెల్లూరు వెళ్తుంది.

"సార్, రూల్సులో సగం పెనాల్టీ లేదు," అన్నాడు ప్రేమానందం.

"మీ రూల్సులో ఉండదు నాయనా. మా దుత్తలూరులో సగం బావి కూడా ఉండాది. ఇద్దరు అన్నదమ్ములు వాడుకుంటన్నారు."

"ఆలోచించుకోడానికి కొంచెం టైమీయండి సార్."

"తీసుకో. టీ తాగేంత టైము."

ఇల్లు మైదానం పక్కనే. ఆయన భార్య రెబెకమ్మ ప్రహరీ మీద నుంచి విచారణ మొత్తం విన్నది. "పెనాల్టీ అయితే ఏంది, కాకపోతే ఏంది? నువ్వేమన్నా తన్నినావా? నీ బంతా అది? పిల్లోళ్ళు శనివారం ఆడాల గదా. పెట్టేసి రా." ప్రేమానందం టీ తాగలేదు. సంతకం పెట్టి వచ్చాడు. అర్జీని నాలుగు ముక్కలు చేసి, వర్గానికి రెండు చొప్పున పంచారు.

శుక్రవారం ఆయన పరపతి పెరిగింది. టీ కొట్టులో పక్క బల్ల మీద నుంచి అసలు బల్ల మీదికి పిలిచి కూర్చోబెట్టారు. ఆదివారం జరగబోయే ఫైనల్‌ను ఆ పొద్దునే చర్చించి చెరి సగం అని తేల్చారు. నిపుణుడిగా ఆయన తలూపాడు. ఆదివారం టీవీ వాళ్ళు వేరే ఫలితం చెబుతారేమో. అది వాళ్ళ ఇష్టం.

శనివారం ఆడపిల్లల జట్టు బస్సులో ఆత్మకూరు వెళ్ళింది. వెనకాల రెండు వ్యాన్లలో రెండు వర్గాలూ వెళ్ళాయి. దారిలో దుత్తలూరులో ఆగి గురుస్వామిని ఎక్కించుకున్నారు. ఏ వ్యాన్‌లో ఎక్కాలన్న తగాదా రాకుండా ఆయన నందిపాడు దాకా ఒక దాంట్లో, అక్కడి నుంచి ఇంకో దాంట్లో ప్రయాణించాడు.

ఆట బాగుంది. అరవై నిమిషాల ఆటలో యాభై అయిదు నిమిషాలు ఎవరికీ గోలు రాలేదు. అప్పుడు ఆత్మకూరు అమ్మాయి తన్నిన బంతి ఉదయగిరి గోలు ముందు ఒకరి చేతికి తగిలింది. ఆ చెయ్యి జట్టు కెప్టెన్ అశ్వితది. తొమ్మిదో తరగతి. రెఫరీ విజిల్ వేశాడు. పెనాల్టీ. ఆత్మకూరు కెప్టెన్ కృపారాణి బంతిని సున్నం చుక్క మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది.

గురుస్వామి స్టాంపు కాగితం చేత పట్టుకుని మైదానంలోకి నడిచాడు. వెనక నరసింహ, ఆయన పక్కన సురేంద్రబాబు. అటు వైపు నుంచి ఆత్మకూరు పెద్దమనిషి మల్లికార్జున ఎదురొచ్చాడు.

"ఏందన్నా, నువ్వొస్తావని తెలిస్తే షామియానా ఏపిచ్చి ఉందుం గదా," అన్నాడు మల్లికార్జున.

"మాట్లాడుకుందాం రా. గురువారమే ఇట్టాంటిది ఒకటి తెగ్గొట్టినాం. కాగితం ఉండాది."

మల్లికార్జున కాగితం చదివి, మూడో షరతులో ఒక పదం మార్పించాడు. తన వైపు గౌరవం కోసం అది అవసరం. పావుగంటలో తేలింది. పెనాల్టీ సగం. గోలు సగం. రెండు జట్లూ గెలిచాయి. రెండూ నెల్లూరు వెళ్తాయి. రెఫరీ రూల్సు పుస్తకం తీయబోయి, ప్రేమానందం ముఖం చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ రెఫరీ కూడా వ్యాయామ ఉపాధ్యాయుడే, అప్పటికే అయిదు బదిలీలు చూసిన మనిషి.

కృపారాణి నాలుగడుగుల వెనకే నిలబడి ఉంది. "సార్, నేను తన్నొచ్చా?"

"తన్నినట్టే అనుకో మా," అన్నాడు మల్లికార్జున.

అప్పుడు అశ్విత ప్రేమానందం దగ్గరికి వచ్చింది. "సార్, నా చేతికి తగిలింది. నేనే చెయ్యి ఎత్తినాను. ఆ పాపని తన్ననీయండి సార్. మన సుజన ఆపుద్ది." సుజన గోలుకీపరు. ఆ మాట విని రెండు చేతులూ చాపి సిద్ధంగా నిలబడింది.

మూడేళ్ళుగా ఆ పిల్లలకు రూల్సు నేర్పిన మనిషి అశ్విత వైపు చూశాడు. స్కోరు కాగితం మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.

"నీకు సరిగ్గా కనపడి ఉండదు మా," అన్నాడు. తర్వాత సంతకం పెట్టాడు.

"నా చెయ్యి గదా సార్," అంది అశ్విత.

తిరుగు ప్రయాణంలో రెండు వర్గాలూ వ్యాన్లు మార్చుకుని కూర్చున్నాయి. సంగం నుంచి పూలదండలు తెప్పించి ప్రేమానందానికి ఊరి పొలిమేరలో వేశారు. క్రీడా స్ఫూర్తికి ఉదయగిరి నిలయమని సురేంద్రబాబు ఉపన్యసించాడు. ఓడిపోవడం అనే దురాచారాన్ని మన ప్రాంతం నుంచి తరిమేశామని నరసింహ అన్నాడు. రెండు ఉపన్యాసాలకూ రెండు వర్గాలూ చప్పట్లు కొట్టాయి.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. బంతి తన చేతికి తగిలిందని అశ్విత అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతోంది. ఇదే మాట నెల్లూరులో చెబితే రాజీ చెల్లక రెండు జట్లూ ఇంటికి రావలసి ఉంటుంది. జట్టు క్షేమం దృష్ట్యా ఆ అమ్మాయిని కెప్టెన్‌గానే కాక జట్టులోంచి కూడా తప్పించాలని సోమవారం పొద్దున అర్జీ రాశారు. మొదటి సంతకం ప్రేమానందానిది. పదకొండు మందిలో పది మందైనా నెల్లూరు చూస్తారన్నది ఆయన ఆలోచన. పదకొండో చోటికి ఒక పిల్లను చూశారు. ఆమెకు ఆట రాదు. ఏమీ చెప్పదు.

అర్జీ ప్రస్తుతం పెంచలయ్య కొట్టులో చక్కెర డబ్బా కింద ఉంది. టీ తాగినవాళ్ళంతా సంతకం పెడుతున్నారు. కింద ఇంకా చాలా చోటుంది. మీరు ఆ దారిన వెళ్తే ఆగండి. చదవాలన్న నియమం లేదు. మ్యాచ్ చూసి ఉండకూడదు, అంతే.

మీరు చూడలేదు కదా.