ప్రపంచ స్థాయి నిరీక్షణ కేంద్రం

ఈ ఏడాది దేశ చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోతుందని జాతీయ ఘట్టాల శాఖ మంత్రి విశ్వేశ్వరరావు గారు జనవరి ఒకటో తేదీ పొద్దున్నే ఒక సభలో ప్రకటించారు. మామూలు మనుషులు ఏడాది గడిచాక వెనక్కి తిరిగి చూసి ఆ మాట అంటారు. మంత్రిగారికి అంత తీరిక లేదు. నెలకొక చారిత్రక ఘట్టం జరిపించి, ఏడాది చివర వాటన్నిటినీ రంగుల పుస్తకంగా అచ్చు వేయించి జాతికి అంకితం చేస్తామన్నారు. ఘట్టాలన్నీ హైటెక్ సిటీ చుట్టుపక్కలే జరుగుతాయని కూడా అన్నారు. దేశం చాలా పెద్దది, తిరగడం కష్టం. మంత్రిగారి ఇల్లు గచ్చిబౌలిలో ఉంది.

ఆ సభలో వెనక కుర్చీలు సర్దుతున్న మధుకర్ ఈ మాటలు విని ఒళ్లు పులకరించి చప్పట్లు కొట్టాడు. చందానగర్‌లో పార్టీ ఫ్లెక్సీ కట్టాలన్నా, ఆ ఫ్లెక్సీలోని మంత్రిగారికి పాలాభిషేకం చేయాలన్నా, సభకు జనాన్ని పోగెయ్యాలన్నా మధుకరే. జెండా పట్టిన కొత్తలో అతనికి తలనిండా జుట్టు ఉండేది. ఇప్పుడు ఘట్టాల అభివృద్ధి సంస్థకు ఛైర్మన్ పదవి ఖాళీగా ఉంది. ఆ పదవికి కారు ఉంటుంది, కారు ముందు పేరున్న బోర్డు ఉంటుంది. ఆ సంస్థ ఏం చేస్తుందో మధుకర్ ఎవర్నీ అడగలేదు. అందులో పనిచేసేవాళ్లు కూడా అడగలేదు.

ఘట్టాలు ఘనంగానే జరిగాయి. ఫిబ్రవరిలో నమస్కారం పెట్టే రోబోను ఆవిష్కరించారు. అది మంత్రిగారికి నమస్కారం పెట్టింది. ఆయన తిరిగి పెట్టారు. అది మళ్లీ పెట్టింది. మంత్రిగారు మర్యాదస్తులు. ఎవరో వెళ్లి ప్లగ్గు పీకేదాకా ఆయన చేతులు దించలేదు. ఎండాకాలంలో పూలు చల్లాల్సిన డ్రోన్ పూలు వదిలేసి మంత్రిగారి కండువా పట్టుకుని దుర్గం చెరువు వైపు వెళ్లిపోయింది. గగనతలంలో పార్టీ కండువా అని టీవీల్లో వచ్చింది. వానాకాలంలో అండర్‌పాస్ నిండితే మంత్రిగారు పడవ తెప్పించి రిబ్బను కత్తిరించారు. కిందటేడు దాకా దాన్ని ముంపు అనేవారు. ఈ ఏడాది నుంచి అది జలరవాణా.

ఇలా రోజులు గడిచి డిసెంబరు వచ్చేసరికి ఘట్టం దొరకలేదు. మంత్రిగారు మధుకర్‌ను ఇంటికి పిలిపించారు. పక్కన ఆయన కార్యదర్శి ఉమాశ్రీ గారు ట్యాబ్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏవయ్యా మధుకర్, పుస్తకంలో చివరి పేజీ ఖాళీగా ఉందయ్యా. దేశం ఏమనుకుంటుంది?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మన గచ్చిబౌలి కాడ కొత్త బస్ షెల్టర్ కట్టిన్రు. మీరు ఓపెన్ చేస్తే అయిపాయె."

మంత్రిగారి ముఖం ముడుచుకుంది. "బస్ షెల్టర్ చారిత్రక ఘట్టమేంటయ్యా?"

"బస్ షెల్టర్ అనొద్దండి సార్" అన్నారు ఉమాశ్రీ గారు, తల ఎత్తకుండానే. "ప్రపంచ స్థాయి నిరీక్షణ కేంద్రం అందాం. వెయిటింగ్ ఎక్స్‌పీరియన్స్ అని ఇప్పుడు అదో పెద్ద సబ్జెక్టండి."

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నారు. నచ్చింది. "మరి జనం?"

"జనం ఆడనే ఉంటరు సార్. పొద్దుగూకంగ ఆఫీసులిడిచినంక చందానగర్ బస్సు కోసం రోడ్డు మీద దాక నిలవడ్తరు. ఆ బస్సు రానే రాదు. లారీలు పెట్టే పని లేదు, బిర్యానీ పెట్టే పని లేదు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంత కాలానికి తమంతట తాము నిలబడే జనం దొరికారు. ఆయన మధుకర్ భుజం మీద చెయ్యి వేశారు. "నా ప్రసంగం అయ్యేదాకా ఆ జనం కదలకుండా ఉంటే ఛైర్మన్ నువ్వేనయ్యా. కదిలారో, ఇంకొకణ్ని చూసుకుంటాను. అన్నట్టు, చివర్లో ఫోటోలోకి ఒక ఖాళీ బస్సు రావాలి. కేంద్రం నిండుగా కనిపిస్తుంది."

మధుకర్ ఇంటికొచ్చి భార్య శ్రీలతకు చెప్పాడు. ఆమె గచ్చిబౌలిలో ఒక కంపెనీ క్యాంటీన్ చూసుకుంటుంది. ఆ రాని బస్సు కోసం రోజూ నిలబడేవాళ్లలో ఆమె కూడా ఉంది.

"అయితే మీటింగుకొచ్చే జనం మేమేనా?" అంది.

"మీరే. నిలవడుడు మీకు అలవాటే గద."

"షెల్టర్ ఎవడడిగిండయ్యా. గా బస్సును జర రోజూ వచ్చేటట్టు చెయ్యరాదు?"

"ముందు నన్ను ఛైర్మన్ కానియ్యి. అప్పుడు బస్సెందుకే, కార్ల పోదువు."

శ్రీలత కంచంలో అన్నం కొంచెం గట్టిగా వడ్డించింది.

సభ ఐదింటికి అన్నారు. అంటే మంత్రిగారు ఐదుంబావుకు ఇంట్లో స్నానానికి లేస్తారని అర్థం. ప్రసంగం ఏడింటికి ముగుస్తుందని లెక్క వేసుకుని మధుకర్ బస్ డిపోకు వెళ్లి, చందానగర్ బస్సు డ్రైవర్ లింగయ్యను ఖాళీ బస్సు ఆరింటికి తెమ్మన్నాడు. ఈ ఊళ్లో ఏడింటికి కావాల్సిన మనిషికి ఆరు అనే చెబుతారు. పెళ్లి భోజనాల నుంచి మంత్రివర్గ సమావేశాల దాకా పనులన్నీ ఆ గంట మీదే నడుస్తాయి.

నిరీక్షణ కేంద్రం అద్దాలతో ధగధగా మెరిసిపోతోంది. లోపల బస్సు రాకపోకలు చూపించే పెద్ద తెర ఉంది. దాని మీద "వస్తుంది" అని ఒకటే మాట వెలుగుతోంది. జనం కిక్కిరిసి ఉన్నారు. మధుకర్ అందరికీ పార్టీ కండువాలు పంచాడు. చలిగా ఉందని అందరూ చెవులకు చుట్టుకున్నారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. జనం ఒక్కరూ కదల్లేదు. అందరూ ఆయన భుజం మీదుగా రోడ్డు మలుపు వైపే రెప్ప వాల్చకుండా చూస్తున్నారు.

"చూశారా ఉమాశ్రీ గారూ" అన్నారు మంత్రిగారు మైకు పక్కకు తిప్పి. "దేశ భవిష్యత్తు వైపు చూస్తున్నారు."

మధుకర్‌కు కారు ముందు బోర్డు కళ్లకు కట్టింది. దాని మీద అక్షరాలు ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అని ఆలోచిస్తున్నాడు.

సరిగ్గా ఆరింటికి మలుపు దగ్గర హారన్ మోగింది.

"ఇక ఈ జాతిని" అంటున్నారు మంత్రిగారు, "ముందుకు సాగకుండా ఎవరూ ఆపలేరు."

జాతి ముందుకు సాగింది. వేదిక అడ్డొస్తే చుట్టూ తిరిగింది. రిబ్బను అడ్డొస్తే తెంచుకుని పోయింది. కండువాలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. మంత్రిగారు చేతులు జోడించబోయారు. అంతలో ఆ కండువాలు బస్సు కిటికీల్లోంచి లోపలికి వెళ్లి సీట్ల మీద పడ్డాయి. ఎవరి కండువా పడిన సీటు వారిది.

మధుకర్ పరుగెత్తి డ్రైవర్ కిటికీ పట్టుకున్నాడు. "ఏంది లింగన్నా, ఇప్పుడే వస్తివి?"

"ఆరింటికి రమ్మంటివి గద అన్నా. ఇన్నేండ్ల సర్వీసుల నాకు ఫలానా టైముకు రమ్మని చెప్పినోడే లేడు. నువ్వు చెప్పినవని ఇజ్జత్ కోసం వచ్చిన."

"ఖాళీ బస్సు కావాలె. జర దింపన్నా అందర్ని."

లింగయ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఫుట్‌బోర్డు మీద కూడా జనం వేలాడుతున్నారు. "నువ్వే దింపు" అన్నాడు.

కిటికీలోంచి శ్రీలత తల బయటపెట్టింది. పక్క సీటు మీద ఆమె కండువా పరచి ఉంది. "ఏమయ్యా, నీకు గూడ సీటు ఆపిన. వస్తవా?"

మధుకర్ బస్సు వైపు చూశాడు. వేదిక వైపు చూశాడు. అక్కడ మంత్రిగారు, ఉమాశ్రీ గారు, మైకు మాత్రమే ఉన్నారు. "నువ్ పో" అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. మంత్రిగారు దాని వెనక ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయారు. మధుకర్ దగ్గరికొచ్చాడు.

"ఎవరయ్యా అతను?"

"లింగయ్య అని, డ్రైవర్ సార్."

"నేను పావుగంట మాట్లాడితే ఒక్కడూ కదల్లేదు. అతను ఒక్క హారన్ కొట్టాడు. అదయ్యా నాయకత్వమంటే."

డిసెంబరు పేజీలో ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. జనం చేతులెత్తి కండువాలు విసురుతూ పరుగులు తీస్తున్నారు. కింద "నిరీక్షణ కేంద్రానికి పోటెత్తిన జాతి" అని వేశారు. బస్సును కత్తిరించారు.

జనవరి మొదటి వారంలో ఘట్టాల అభివృద్ధి సంస్థ ఛైర్మన్‌గా లింగయ్య గారు పదవీ స్వీకారం చేశారు. ఆయన నడపడం మానేయడంతో ఆ ఒక్క బస్సు డిపోలో నిలిచిపోయింది. ఛైర్మన్ గారికి నిరీక్షణ కేంద్రంలోనే సన్మానం చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మధుకర్‌ను నాలుగింటికి దండ పట్టుకుని సిద్ధంగా ఉండమన్నారు.

ఆఫీసులు వదిలే వేళకు కూడా అతను దండతో అక్కడే ఉన్నాడు. పూలు వాడిపోయాయి. చుట్టూ జనం పెరిగి రోడ్డు మీదికి పాకారు. వాళ్ల మధ్యలోంచి శ్రీలత వచ్చి అతని పక్కన నిలబడింది. తెర మీద "వస్తుంది" అని వెలుగుతోంది.

"ఎవరి కోసమయ్యా గీ దండ?"

"లింగయ్య సార్ కోసం."

శ్రీలత టిఫిన్ బాక్సు బెంచీ మీద పెట్టి, మలుపు వైపు తిరిగింది.

"మేం గూడ గాయన కోసమే" అంది.