ముప్పై ఏడో ప్రశ్నలో ‘చూద్దాం’

ప్రజలు ఏమైనా ఊహించుకోవచ్చు. అందులో ఏ ఊహ చెల్లుతుందో తేల్చే అధికారం మాత్రం పరీక్షల శాఖకే ఉంది.

నర్సు శిక్షణ కోసం ఆ శాఖ పెట్టిన పరీక్షలో ముప్పై ఏడో ప్రశ్న ఇది. ప్రకటన: “మీ అర్జీ సంగతి చూద్దాం” అని అధికారి అన్నాడు. ఊహ ఒకటి: అధికారి అర్జీ చూస్తాడు. ఊహ రెండు: అర్జీదారు మళ్ళీ రానక్కరలేదు. ప్రకటనలో అంతర్లీనంగా ఉన్న ఊహ ఏది?

పొట్టి (ఇంట్లో పిలిచే పేరు, హాల్ టికెట్టు మీద వేరే ఉంది) “రెండూ కావు” అన్న గడిని నల్లగా దిద్దింది. శాఖవారి జవాబుల కీలో “మొదటిది” అని వచ్చింది. ఒక్క మార్కుతో సీటు పోయింది.

“ఏం చూసి అలా పెట్టావే?” అంది మేనత్త, కుట్టుమిషను ఆపకుండానే.

“ఇంటి కాగితంలో నీ పేరు తప్పు పడిందని తిరిగావు కదత్తా, ఎన్నిసార్లు చూద్దామన్నారు?”

“పదకొండు.”

“చూశారా?”

మిషను ఆగింది. “చెప్పులేసుకో.”

అభ్యంతరాల విభాగంలో ఊహల పర్యవేక్షకుడు కూర్చుని ఉన్నాడు. (ఆయన కింద ఇద్దరు సహాయకులు. ఒకరు సెలవులో ఉన్నారని ఊహ.) పొట్టి అత్త వెనకాల నిలబడి, భుజం మీదుగా కాగితం అందించింది.

“అలాగేనమ్మా, మీ అభ్యంతరం సంగతి చూ...” అని ఆయన, కాగితం పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ‘చూద్దాం’ కంటపడి, ఠక్కున ఆగిపోయాడు.

“అనండి బాబూ, మొహమాటమెందుకు? పిల్ల తేదీ వేసి రాసుకుంటుంది.”

పొట్టి నిజంగానే పెన్ను మూత తీసింది.

ఆయన మాట మార్చాడు. “అంటే... పరిశీలిద్దామని.”

“అది ‘చూద్దాం’కి పెద్దన్నగారు కదా!”

అన్ని దారులూ మూసుకుపోవడంతో ఆయన గత్యంతరం లేక కాగితం చదివాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అర్జీని వచ్చిన రోజే చదవడం అదే మొదలు. (కళ్ళజోడు పక్క గదిలోంచి అరువు తేవలసి వచ్చింది.) రెండుసార్లు చదివి, నిట్టూర్చి, “మీ పిల్ల చెప్పిందే నిజం. చూద్దామంటే చూస్తామని కాదు” అని ముద్ర కొట్టాడు.

వరండాలోనే అత్త మెళ్ళోని టేపు తీసి పొట్టి భుజాలు కొలిచింది. “తెల్ల గౌను నేనే కుడతా. చేతులు కాస్త వదులుగా పెట్టనా?”

“నీ ఇష్టం అత్తా” అంది పొట్టి. ఆ పూట దారి పొడుగునా ఆ పిల్లే మాట్లాడింది.

వారం తిరక్కుండా సవరించిన జాబితా వచ్చింది. పరీక్ష రాసినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఆఫీసు మెట్లెక్కినవాళ్ళే కావడంతో, అందరూ “రెండూ కావు” అనే పెట్టారట. శాఖ ఎవరికీ అన్యాయం చేయలేదు. అందరికీ తలా ఒక మార్కు కలిపింది. కటాఫ్ కూడా ఒక మార్కు పైకి జరిగింది.

పొట్టి ఈసారి సరైన జవాబుతో తప్పింది.