మందపాటివారూ మండపాటివారూ

ఆ ఆదివారం పొద్దున పిచ్చయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంగోలు నుంచి మగపెళ్ళివారు వస్తారు, తాంబూలాలు పుచ్చుకుంటారు, గారెలూ పులిహోరా తిని వెళతారు. ఆ తర్వాత తను కళ్ళానికి వెళ్ళి ఆరబోసిన మిరపకాయలు తిరగేయించుకుని వస్తాడు. కూతురు నాగజ్యోతి, పెళ్ళికొడుకు చైతన్యకృష్ణ ఒంగోల్లో ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళూ సరేనన్నారు. ఇక చెడిపోవడానికి ఏమీ మిగల్లేదని పిచ్చయ్య నమ్మకం.

పిచ్చయ్య ఇంటిపేరు మండపాటి. ప్రత్తిపాడు దాటి ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు మందపాటి అనేవారు. "మందపాటి అని దుప్పటిని అంటారయ్యా. మాది మండపాటి" అని ఆయన ఓపిగ్గా దిద్దేవాడు. కాబోయే వియ్యంకుడు అంకమ్మరావుది మాత్రం నిజంగానే మందపాటి. సంబంధం మాటలు మొదలైనప్పుడు, వాళ్ళు వేరు మనం వేరు అనుకుని రెండువైపులా ఆ సంగతి వదిలేశారు.

వచ్చినవాళ్ళు కాఫీలు తాగారు. పిచ్చయ్య అక్క హనుమాయమ్మ పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ సర్దుతోంది. అంకమ్మరావు గ్లాసు కింద పెట్టి సరదాగానే మొదలెట్టాడు.

"బావగారూ, నాకెప్పట్నుంచో ఓ అనుమానం. మీదీ మాదీ ఒకటే పేరండీ. అసలుది మందపాటి. మీ గుంటూరు వైపు నోరు తిరక్క 'ద'ని 'డ' చేసేశారు."

పిచ్చయ్య నవ్వి ఊరుకుందామనుకున్నాడు. నోరు ఊరుకోలేదు.

"ఒకటేనంటే నేనూ ఒప్పుకుంటా బావగారూ. కానీ అసలుది మాది. మండపం ఉన్న ఊరు మండపాడు. అక్కణ్ణించి వచ్చాం గనక మండపాటివాళ్ళం. సముద్రపు గాలికి నాలిక మెత్తబడి మీవైపు 'ద' అయింది."

"మండపమా? ఎక్కడుందండీ ఆ మండపం?"

"మీ మంద ఎక్కడుందో చెప్పండి. దాని పక్కనే ఉంటుంది."

"నాన్నా!" అంది గుమ్మంలోంచి నాగజ్యోతి. పిచ్చయ్యకు వినపడలేదు. అంకమ్మరావు అప్పటికే కొత్తపట్నంలో ఉన్న బాబాయికి ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు.

"ఒకటేరా! మనమూ వాళ్ళూ ఒకే తాత పిల్లలమని మా నాయన చెప్పేవాడు!" అని అరిచాడు బాబాయి.

పిచ్చయ్య ఊరుకుంటాడా? రిటైరైన తెలుగు మాస్టారు శివరామకృష్ణకు ఫోన్ కలిపాడు. రెండూ ఒకటేననీ, మొదటి రూపం మండపాటేననీ మాస్టారు సెలవిచ్చారు.

హనుమాయమ్మ సర్దడం ఆపింది. "ఒరేయ్ పిచ్చయ్యా, అయితే రెండూ ఒకటేనంటావా?"

"ముమ్మాటికీ ఒకటేనే అక్కా!"

"అనుమానమే లేదమ్మా, ఒకటే" అన్నాడు అంకమ్మరావు. ఆ పొద్దుట్నుంచీ ఇద్దరూ ఏకమైన మొదటి మాట అది.

"ఒకే పేరైతే ఒకే వంశం. పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళవుతారు. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంట్రా?" అంటూ ఆవిడ తాంబూలం పళ్ళెం తీసి అలమరలో పెట్టేసింది.



"అది కాదు బావగా..." అని అంకమ్మరావు అనబోయాడు.

"బావగారేంటి నాయనా? నువ్విప్పుడు వీడికి తమ్ముడివి" అంది హనుమాయమ్మ.

పిచ్చయ్య కూతురి వైపు చూశాడు. మిరపకాయల రాశిలోకి నడిచిన ఎద్దును చూసినట్టు చూస్తోంది ఆ పిల్ల. చైతన్యకృష్ణ ఆమె వైపు చూడొచ్చో లేదో తేలక గోడమీద క్యాలెండరు చదువుతున్నాడు. పిచ్చయ్య గబగబా అక్క వైపు తిరిగాడు.

"నేనేదో మాటవరసకి అన్నానక్కా. 'ద' వేరు, 'డ' వేరు. వాళ్ళది మందపాటే. అచ్చమైన 'ద'. వినడానికి ఎంత బాగుంటుందో!"

"మీ 'డ'కి ఏం తక్కువండీ?" అని అంకమ్మరావు అందుకున్నాడు. "మీది మండపం. మాది గొడ్ల మంద. మేం గొడ్లు కాసుకునేవాళ్ళం."

"అంత మాట ఎందుకులెండి."

"కాదండీ, గొడ్లే!"

"మరి ఒకే తాత పిల్లలమన్నాడు మీ బాబాయి?" అంది హనుమాయమ్మ.

అంకమ్మరావు మళ్ళీ ఫోన్ చేశాడు. "బాబాయ్, సరిగ్గా గుర్తు తెచ్చుకో. వాళ్ళు వేరేమో కదా?"

"ఎవడ్రా అన్నది? ఒకటే! ఇంతకీ పెళ్ళెప్పుడు? నాకు కారు పంపించు."

పిచ్చయ్య వెళ్ళి అక్క కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. "నా నోటి దురదకి పిల్లకెందుకే శిక్ష? ఇక నన్ను ఎవరేమని పిలిచినా పలుకుతా. దిద్దను."

హనుమాయమ్మ కళ్ళు చెమర్చాయి. కానీ పళ్ళెం అలమరలోంచి కదల్లేదు.

అప్పుడు వంటింట్లోంచి గారెల పళ్ళెంతో పిచ్చయ్య భార్య గురవమ్మ వచ్చింది. "పేరు ఎట్టా పలికితే ఏముంది వదినా? గోత్రాలు వేరుగా. జాతకాలు చూపించిన రోజే శేషాచలం పంతులుగారు అడిగి తెలుసుకున్నారు. వేరు గనకే ముహూర్తం పెట్టారు."

"గోత్రం వేరైతే ఇంకేం కావాలే?" అని హనుమాయమ్మ అలమర దగ్గరికి లేచింది. నాగజ్యోతి గుమ్మానికి ఆనుకుని మొదటిసారి నవ్వింది.

"ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా!" అన్నాడు పిచ్చయ్య చెమట తుడుచుకుంటూ.

"చెబితే గారెలేవని అడుగుతారు. వీళ్ళేమో గంట ముందే దిగారు. అప్పటికి పప్పు రుబ్బనేలేదు."

తాంబూలాలు మార్చుకున్నారు. అంకమ్మరావు అవసరం లేని చోట కూడా "బావగారూ" అని పిలిచాడు. 'ద'నీ 'డ'నీ మళ్ళీ ఎవరూ కదపకూడదని, వియ్యంకులిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చి శుభలేఖలు ఇంగ్లీషులో వేయించారు.

అచ్చయి వచ్చాక చూసుకుంటే, వధువుదీ వరుడిదీ ఇంటిపేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఒకటే.