చక్రాల గోల్‌పోస్టు

నాన్న పాత గ్లౌజుకు బొటనవేలు దగ్గర కుట్టు వేస్తున్నాను. టీవీలో మంత్రిగారు, "మన సంస్కృతికి పుట్టినిల్లు ఈ స్టేడియమే!" అని ప్రకటించారు.

నిజమే. ఆయన ప్రమాణస్వీకారం అక్కడే. వాళ్లబ్బాయి రిసెప్షన్ అక్కడే. పార్టీ మహాసభలు, పూల ప్రదర్శన, సర్కసు కూడా అక్కడే. మధ్యలో ఖాళీ దొరికితే ఫుట్‌బాల్ ఆడుకోనిచ్చేవారు. అలాంటి ఒక ఖాళీలో, నేను పుట్టకముందు, ఫైనల్ ఆఖరి నిమిషంలో నాన్న ఒక పెనాల్టీ ఆపాడు. స్టేడియం గోడమీద ఆయన పేరు, దాని కింద ఒకే ముక్క: "బంతిని లోపలికి పోనివ్వలేదు." ఆదివారాలు వెళ్లి దాన్ని తడిగుడ్డతో తుడిచి వస్తాడు.

మర్నాడు మంత్రిగారి పి.ఎ. స్వయంగా మా ఇంటికి వేంచేశాడు. గాలికి తలుపు పడకుండా అడ్డం పెట్టిన రెండు ఇటుకలు దాటి వచ్చి, వినయంగా కూర్చున్నాడు.

"స్టేడియం స్వర్ణోత్సవం, పెద్దాయనా! అదే పెనాల్టీ మళ్లీ. మంత్రిగారు కొడతారు, మీరు నిలబడతారు."

"ఆపాలా?"

"అయ్యో, పడాలి!"

"ఎటు?"

"బంతి ఎటొస్తే దానికి అవతలికి."

"అసలు గోలు వైపే రాకపోతే?"

పి.ఎ. దగ్గాడు. "అన్నట్టు, గోల్ పడ్డాక గోడమీద ఆ ముక్క అబద్ధమైపోతుంది కదా. చెరిపించేస్తాం. మీకు శాలువా కప్పిస్తాం లెండి."

రిహార్సల్‌కి నేనూ వెళ్లాను. మంత్రిగారి కాలికి ఎంత స్వతంత్ర భావం ఉందో అప్పుడే తెలిసింది. ఒక బంతి షామియానా ఎక్కింది. ఇంకొకటి బ్యాండు మాస్టారి డోలు వాయించింది.

"సార్ కొట్టడంలో లోపమేం లేదు. గోలే తప్పు చోట ఉంది," అని చీఫ్ ఇంజనీరు తేల్చాడు.

సాయంత్రానికి రెండు పోస్టులకూ కింద చక్రాలు బిగించారు. ఫ్లెక్సీ చాటున తోసేవాళ్లను నిలబెట్టారు. ఇక బంతి ఎటు పోతే గోలు అటు పరుగు! పాలన ప్రజల దగ్గరికే వస్తుందని వినడమే గాని, చూడడం నాకదే మొదటిసారి. నాన్న అవతలికి పడేలోగా గోలే ఆయన్ని వదిలేసి వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న లేచి మోకాలు దులుపుకుని, చాలాసేపు ఆ చక్రాలనే చూస్తూ నిలబడ్డాడు.

ఉత్సవం రోజు సాయంత్రం పడాల్సిన గోల్ పొద్దున్నే పేపర్లో పడింది. "మంత్రిగారి చారిత్రక గోల్." పక్కనే నాన్న బోర్లా పడ్డ ఫొటో.

అమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది. "ఏమండీ, పడ్డానికి వెళ్తున్నారా, ఆపడానికా?"

నాన్న చెప్పులేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. నేను కుట్టిన గ్లౌజులు బల్లమీదే ఉన్నాయి.

"నాన్నా, గ్లౌజులు మర్చిపోయావ్!" అంటూ గుమ్మం బయటికి పరుగెత్తాను.

ఆయన వెనక్కి తిరగలేదు. సంచీ బరువుకు ఒక భుజం కిందికి వంగిపోయి ఉంది.

గాలికి నా వెనక తలుపు దభాలున మూసుకుంది. అడ్డం ఉండాల్సిన రెండు ఇటుకలూ అక్కడ లేవు.