గేటు ముందు టేపులు

ఆ ఉదయం అమృతవల్లి అనుకున్నది ఒక్కటే. పెద్ద కంప్యూటరు టేపులో ఉన్న సరుకు లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి, మధ్యాహ్నం రైలుకు తిరుత్తణి బ్రాంచికి తీసుకుపోవాలి. తిరువళ్ళూరు ఫ్యాక్టరీలోని పళ్ళెమంత టేపు చుట్టలు అక్కడి కొత్త చిన్న కంప్యూటరుకు పట్టవు. దాన్ని చూడటానికి సాయంత్రం యజమాని వస్తున్నాడు. లెక్కలు అందకపోతే కొత్త సెక్షనూ, అందులో ఆమెకు రానున్న ఉద్యోగమూ గాల్లో కలిసిపోతాయి.

"ఇంత పొద్దున్నే యాడికమ్మా?" అంది అత్త సరసమ్మ ఇడ్లీలు పెడుతూ.

"పెద్ద టేపును చిన్నదాంట్లోకి కాపీ చెయ్యాల అత్తా."

కోడలి గొప్పను సరసమ్మ కొళాయి దగ్గర చెప్పింది. దాంతో వీధికంతా తెలిసిపోయింది.

ఫ్లాపీలు సిద్ధమయ్యేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు జనం. అందరికంటే ముందు కిరాణా కొట్టు అరుణాచలం పాతకాలపు స్పూలు టేపు రికార్డరును చంటిబిడ్డలా ఎత్తుకొని నిలబడ్డాడు. వెనక క్యాసెట్ల సంచులతో ఆడవాళ్ళు. ఒక టైలరు అంకెలు చెరిగిపోయిన కొలత టేపు తెచ్చాడు.

"మాది పాటల టేపు కాదు మామా, లెక్కలది!" అని మొత్తుకుంది అమృతవల్లి.

"ఏదైతే ఏమమ్మా, పెద్దదాంట్లోనుంచి చిన్నదాంట్లోకే కదా! దీంట్లో మా ఆమె పాడిండాది. ఆమె పోయినంక ఈ గొంతే నాకు మిగిలింది. ఈ మిషను ఎప్పుడు నిలిచిపోతాదో ఏమో," అన్నాడు అరుణాచలం.

అమృతవల్లి ఫ్లాపీల పెట్టెను మేడమీద మేనేజరు గదిలో బల్లపై పెట్టి వచ్చింది. వాచ్‌మన్ ధనకోటి దగ్గర క్యాసెట్ రికార్డరు అడిగి తెచ్చి, క్యాంటీనులో రెండింటికీ వైరు కలిపింది. తక్కినవాళ్ళు తమ వంతు కోసం గేటు దగ్గరే చతికిలబడ్డారు.

మేడమీది కిటికీలోంచి మేనేజరు శివప్రకాశం ఆ గుంపును చూశాడు.

"ఏమయ్యా అది?" అని కేకేశాడు.

"పని అయ్యేదాకా లేసేది లేదంటాండారు సార్!" అన్నాడు ధనకోటి.

"అయ్యయ్యో, స్ట్రయికే!"

శివప్రకాశం కంపెనీ ఆస్తిని కాపాడాలనుకున్నాడు. బల్లమీది ఫ్లాపీల పెట్టెను చంకన పెట్టుకొని, వెనక గేటు గుండా వ్యానెక్కి తిరుత్తణికి పారిపోయాడు.

క్యాంటీనులో అరుణాచలం భార్య గొంతు జోలపాటై వినిపించింది. గేటు దగ్గర గోల సద్దుమణిగింది. అరుణాచలం కళ్ళు తుడుచుకుని, క్యాసెట్టును చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. అమృతవల్లి తేలికపడ్డ మనసుతో పైకి వెళ్ళింది. బల్లమీద పెట్టె లేదు. బీరువాలన్నీ వెదికింది, బల్లల కిందకు దూరింది. రైలు వెళ్ళిపోయింది. ఉద్యోగం పోయినట్టేనని కూలబడి ఉండగా, సాయంత్రం ఫోను మోగింది.

"ఫ్లాపీలు అందినాయమ్మా," అన్నాడు తిరుత్తణి బ్రాంచి గుమాస్తా. "లెక్కలు ఒక్క తప్పు లేకుండా కనబడతాండాయి. ఓనరుకు శానా సంతోషం. కొత్త సెక్షను నీకేనంట. మీ మేనేజరు ప్రాణాలకు తెగించి తెచ్చినాడంట కదా!"

సమ్మెను ధైర్యంగా ఎదుర్కొన్నందుకు మర్నాడు శివప్రకాశానికి పూలమాల వేశారు. సమ్మె చేసినవాళ్ళు కూడా వచ్చి చప్పట్లు కొట్టారు.