పాలరాతి పలక, నిమ్మచెక్క

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పిన తాతయ్య, కంటి ఆపరేషన్ చేయించుకుని ఆ రోజు పదకొండింటికి ఇంటికి వస్తున్నారు. "కట్టు విప్పాక మొదట గుమ్మం దగ్గర నా పేరు చదవాలి. మీ నాయనమ్మ దగ్గరుండి చెక్కించిన పలక అది" అని వెళ్లేముందు మనవరాలితో అన్నారు. నాయనమ్మ పోయి రెండేళ్లయింది. అందుకే మనవరాలు పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఆ పాలరాతి పలక ముందు నిలబడింది. తుడిచేసి, తల దువ్వుకుని, ఎదురెళ్లాలని ఆమె ఆలోచన.

పలక బిగించిన ఇత్తడి మరల నుంచి పచ్చగా చిలుము కారింది. గుడ్డకి పోలేదు. నిమ్మచెక్కతో రుద్దితే బుడగలొచ్చి పోయింది.

"మురికి ఎలా పొంగుతోందో చూడు పిన్నీ!" అంది, గుమ్మం కడుగుతున్న తాతయ్య చిన్నకోడలితో.

పొంగింది మురికి ఒక్కటే కాదు, రాయి కూడా. ఆరాక ఆ చోట నునుపు పోయి సుద్దలా తెల్లబారింది.

"పలకంతా రుద్దెయ్యవే, అంతా ఒకేలా ఉంటుంది" అంది పిన్ని.

రుద్దింది. ఒకేలా రాలేదు, మబ్బులు పట్టినట్టు వచ్చింది.

"నిమ్మకాయకి ఏం బలముంటుంది, జరుగు" అంటూ పిన్ని స్నానాలగది కడిగే యాసిడ్ సీసా వంచింది. పలక బుసబుసమంటూ నురగలు కక్కింది. నురగతో పాటు తాతయ్య పేరులో నల్లరంగూ, అక్షరాల అంచులూ జారిపోయాయి.

మనవరాలికి ఏడుపొచ్చింది.

"ఏడవకు. తిప్పేద్దాం. వెనక వైపు కొత్తగా ఉంటుంది, రంగుతో పేరు నేను రాస్తా. మామయ్య నల్లకళ్లద్దాల్లో ఏం కనిపెడతారు?"

మరలు విప్పి తిప్పారు. వెనక కూడా తాతయ్య పేరే ఉంది. దాని చుట్టూ అవే మబ్బులు.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. తాతయ్య పలక అందుకుని, కళ్లద్దాలు పైకెత్తి రెండు వైపులా చూశారు. బొటనవేలితో తడిమారు.

"నిమ్మకాయా?"

మనవరాలు తల ఊపింది.

"యాసిడ్ కూడా, మామయ్యా" అంది పిన్ని నేల చూపులు చూస్తూ.

"నేను నిమ్మకాయతోనే ఆగాను" అన్నారు తాతయ్య. "సున్నపురాయీ, పాలరాయీ, ఆ చిలుమూ అన్నీ ఒక జాతే. పులుపు తగిలితే గాలి వదిలి కరిగిపోతాయి. ఏళ్ల తరబడి పిల్లల చేత వల్లె వేయించి, ఇంటికొచ్చి నేనే రుద్దాను. సైన్సు మాస్టారి గుమ్మానికి ఇదేం సిగ్గని మీ నాయనమ్మ రెండో వైపు చెక్కించింది. నా తప్పు ఇన్నేళ్లూ గోడవైపు దాచింది. ఒక్కనాడూ దెప్పలేదు. నేనూ ఒక్క మంచిమాట అనలేదు."

"తప్పయిపోయింది తాతయ్యా. నాయనమ్మ చెక్కించిన వైపే పాడుచేశాను."

"నీదేముందే, వంశపారంపర్యం." నవ్వబోయారు గానీ, బొటనవేలు ఆ కరిగిన అక్షరాల మీదే ఉండిపోయింది. కాసేపటికి పలక ఇచ్చేశారు. "నా వైపే పైకి పెట్టి బిగించండి."

రాతికి మూడో వైపు లేదు కాబట్టి, పిన్ని ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.