ముందే అచ్చయిన పంట

ఆ టమాటా మడిని చంపింది పురుగు కాదు, తెగులు కాదు, ఎండ అంతకన్నా కాదు. మీరు. యువజన వ్యవసాయ సంఘం అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ, ముందు వరుసలో మెత్తటి కుర్చీలు చూసుకుని కూర్చున్న పెద్దమనుషులూ, మీరే చంపారు. అదీ వ్యవసాయ దినోత్సవం నాడు, మైకులో మట్టిని పొగుడుతూ చంపారు. చాటుగా చేసి ఉంటే కాస్త గౌరవంగానైనా ఉండేది.

సంగతి తెలియనివాళ్లకి మొదటినుంచీ చెప్పాలి.

సంఘం చాలా చురుకైనది. దాని అధ్యక్షులవారు యువకుడిగా ఉన్నప్పుడు ఎన్నికయ్యారు. ఆ తర్వాత పదవిలోంచి గానీ యవ్వనంలోంచి గానీ దిగలేదు. ఇప్పుడాయనకి రెండు మోకాళ్లూ పట్టేశాయి, పైపళ్లు కట్టుడువి, మనవడు కూడా అదే సంఘంలో సభ్యుడు. "యవ్వనమంటే వయసు కాదయ్యా, ఉత్సాహం" అంటారాయన, ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని వేదిక ఎక్కిస్తుంటే. ఉత్సాహం విషయంలో వంక పెట్టలేం. ఎక్కడానికి ఉన్నంత ఉత్సాహం దిగడానికి మాత్రం ఉండదు.

సంఘానికి నాలుగు పేజీల పత్రిక ఉంది. కార్యదర్శిగారికి సొంత అచ్చాఫీసుంది. నెలాఖరుకి బిల్లు పుస్తకాలూ కరపత్రాలూ వచ్చిపడి మిషనుకి ఊపిరాడదు. అందుకని ఆయన నెల మొదట్లో, మిషను ఊరికే ఉన్నప్పుడే, ఆ నెల జరగబోయే కార్యక్రమాలన్నీ జరిగిపోయినట్టు రాసి అచ్చేసి పడేస్తారు. ఆ తర్వాత సంఘం వాటిని జరుపుతుంది. మిగతా లోకంలో ముందు పని జరుగుతుంది, వెనకాల వార్త వస్తుంది. అది వెనకబడిన పద్ధతి, బోలెడు తప్పులు దొర్లుతాయి. ఇక్కడ వార్తను చూసి పని జరుగుతుంది కనక తప్పు దొర్లే వీల్లేదు.

ఒకసారి "కుండపోత వానలోనూ చెక్కుచెదరని యువరైతులు" అని అచ్చయింది. ఆ రోజు ఎండ మాడ్చేసింది. సంఘం బెదిరిందా? నీళ్ల ట్యాంకరు పిలిపించి, గొట్టం పెట్టి సభ్యులందర్నీ తడిపి ఫొటో తీసుకుంది. కోశాధికారిగారికి వారం రోజులు జలుబు. చెక్కు మాత్రం చెదరలేదు. ఇంకోసారి "పాలు పితకడంలో శిక్షణ, ఆవు సహకారం అపూర్వం" అని పడింది. ఆవును తెస్తే హాల్లో కొత్తగా పరిచిన బండలు పాడవుతాయని, రబ్బరు చేతితొడుగులో నీళ్లు నింపి కుర్చీకి కట్టారు. అందరూ పితికారు. కుర్చీ ఎవర్నీ తన్నలేదు. సహకారం నిజంగానే అపూర్వం. తేనెటీగల పెంపకం తరగతికైతే ఈగల్ని రానివ్వలేదు, వాటికి సభ్యత్వం లేదని.

ఇలాంటి సంఘంలోకి చీమ ఎలా వచ్చింది? అదీ పత్రిక పుణ్యమే.

ఒక నెల నాలుగో పేజీ అడుగున నాలుగు వేళ్ల చోటు మిగిలిపోయింది. ఖాళీ వదలడం కార్యదర్శిగారి ఇంటావంటా లేదు. "ఉత్సాహవంతురాలైన యువతికి సంఘం మడి కేటాయింపు. ఉత్తమ పంటగా ఎంపికైతే అదే మడి మూడేళ్లపాటు ఆమె సాగుకే" అని రాసి చోటు పూడ్చేశారు. అచ్చు ఆరాక గుర్తొచ్చింది, సంఘంలో యువతి అనేది లేదని. సరిగ్గా అప్పుడే అచ్చాఫీసు గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది, చిత్తుకాగితాల కోసం. వాళ్లమ్మ తోపుడుబండి మీద కూరగాయలమ్ముతుంది. పొట్లాలకి కాగితం కావాలి.

"ఏమ్మాయ్, నువ్వు యువతివేనా?"

"అవుననే అంటున్నారండి."

"ఉత్సాహం ఉందా?"

"కాగితాలిస్తే వస్తుందండి."

ఎంపిక ప్రక్రియ ముగిసింది.

ఆ పిల్లకి చీమ అన్నది అమ్మమ్మ పెట్టిన పేరు. పిల్లప్పట్నుంచీ తనకన్నా పెద్ద బరువేదో మోస్తూనే కనిపిస్తుందని. వాళ్లుండేది మూడో అంతస్తులో ఒక్క గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకీ కిటికీకీ మధ్య రంగుడబ్బాలో చీమ టమాటా మొక్క పెంచింది. అది వెలుగు కోసం మెడ సాచి సాచి, మెడ విరిగి చచ్చిపోయింది. అమ్మ బండి మీద ఉన్నదంతా ఎవరెవరిదో పంట. ఒక్క మూలన, ఒక్క గంపెడు, మాది అని చెప్పుకునేది ఉండాలని చీమకి మహా ఆశ. ఇప్పుడు మడి దొరికింది. గెలిస్తే మూడేళ్లు. ఆ రాత్రి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు.

మడి అంటే సంఘం భవనం వెనక గోడకీ గేటుకీ మధ్య మిగిలిన జాగా. భవనం కట్టినప్పటి ఇటుకముక్కలు, సీసాపెంకులు, ఒక చెప్పు, అధ్యక్షులవారి మొట్టమొదటి ఎన్నికల బ్యానరు, అన్నీ అందులోనే పూడ్చారు. చీమ పలుగేసి తవ్వింది. అమ్మమ్మ బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని రాళ్లేరింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. విత్తనం పడకుండానే బహుమతి సంగతేంటే?"

"రాళ్లేరు అమ్మమ్మా. సామెతలు తర్వాత ఏరుకుందువు."

"ఏరుతూనే ఉన్నాగా! ఈ చెప్పు ఏ చెట్టుకి కాసిందో గానీ, రెండోది దొరికితే తొడుక్కుంటా."

నారు పోసింది, నాటింది, పాత గుడ్డపీలికలతో ఒక్కో మొక్కనీ కర్రకి కట్టింది. నీళ్లు మోసింది. మొక్కలు చీమ నడుముదాకా వచ్చాయి. పూత, పిందె, కాయ. గుత్తులు బరువెక్కి కర్రలు పక్కకి వాలాయి. కార్యవర్గంలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి చూడలేదు. అటువైపు తలుపు గడియ తుప్పుపట్టింది, పైగా అటు మట్టి ఉంటుంది. "మన మడి ఎలా ఉందయ్యా?" అని అధ్యక్షులవారు అడిగితే "పచ్చగా ఉందండి" అన్నారు కార్యదర్శిగారు తడుముకోకుండా. పచ్చగా ఉందని అంతకుముందే అచ్చేశారు.

వ్యవసాయ దినోత్సవం దగ్గరపడింది. ఎప్పట్లాగే దినోత్సవం కన్నా ముందు దాని వార్తలొచ్చాయి. చీమ కాగితాల కోసం వెళ్లి మొదటి పేజీ చూసి అక్కడే గెంతింది. "యువతి మడికి ప్రథమ బహుమతి! కళకళలాడే టమాటా పంటను చూసి న్యాయనిర్ణేత నివ్వెరపోయారు." ఒక్క పరుగున ఇంటికొచ్చింది.

"ఇంకా కాయలు ఎర్రబడనే లేదు గదే!" అంది అమ్మమ్మ.

"అచ్చయింది అమ్మమ్మా. ఈ సంఘంలో అచ్చయితే అయినట్టే."

పాపం, పిల్ల చివరి పేజీ తిప్పలేదు. "విశిష్ట అతిథుల కార్లకు భవనం వెనక జాగాలో విశాలమైన ఏర్పాటు" అని అక్కడుంది. రెండు వార్తలూ రాసింది ఒకే చెయ్యి. రెండూ అచ్చయ్యాయి, రెండూ జరిగి తీరాలి. భవనానికి వెనక జాగా మాత్రం ఒక్కటే.

దినోత్సవం నాడు తెల్లారగట్ల చీమ మడికి నీళ్లు పెట్టింది. కాయలు ఎర్రబడ్డాయి. ఒక్కటీ తుంచలేదు. న్యాయనిర్ణేత నివ్వెరపోవాలంటే చెట్టునుండగానే చూడాలి కదా. తర్వాత వెళ్లి హాల్లో తన కుర్చీలో కూర్చుంది. దానికి "బహుమతి గ్రహీత" అని కాగితం అంటించి ఉంది. కదలొద్దని ఆజ్ఞ.

అధ్యక్షులవారు మైకు పట్టారు. "సోదర యువకులారా! మట్టి మన కన్నతల్లి. తల్లి గుండెల మీద ఎవరైనా బరువు పెడతారా? పెట్టరు! ఈ దేశపు భవిష్యత్తు ఎక్కడుంది? పచ్చని మొక్కలో ఉంది! ఆ మొక్కను కంటిపాపలా..." హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ మోతలో వెనక గేటు తాళం పగలగొట్టిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. కార్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చాయి. స్వచ్ఛంద సేవకులు ఈలలేస్తూ "రానీ, రానీ, ఇంకా రానీ" అని ఎంతో క్రమశిక్షణతో వాటిని మడిలోకి తోలారు.

అధ్యక్షులవారి ప్రసంగం ఇంకా కంటిపాప దగ్గరే ఉంది, అంతలో బకెట్ పట్టుకుని అమ్మమ్మ హాల్లోకి వచ్చింది. కుర్చీల మధ్యనుంచి వంగి చీమ చెవిలో చెప్పింది.

"ఒసేయ్, నీ మడిలో తెల్లకారు మేస్తోందే."

చీమకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా మైకులో ప్రకటించారు: న్యాయనిర్ణేత పంటను పరిశీలిస్తారు. ఆ న్యాయనిర్ణేతే ముఖ్య అతిథి, పేరుమోసిన విత్తనాల వ్యాపారి. అందరూ లేచి వెనక్కి నడిచారు. తుప్పు గడియ సుత్తితో కొట్టి తీశారు.

తలుపు తెరిస్తే కార్లు. పంట లేదు. టైర్ల కిందనుంచి ఎర్రటి రసం సన్నగా కారి గచ్చు అంచున మడుగు కడుతోంది. విరిగిన కర్ర ఒకటి గుడ్డపీలికతో సహా ఒక బంపరుకి వేలాడుతోంది. చీమ దానివైపే చూస్తూ నిలబడిపోయింది. ఆ ముడి ఎప్పుడు వేసిందో కూడా గుర్తుంది తనకి.

"మడి ఏదయ్యా?" అన్నారు న్యాయనిర్ణేత.

"కిందుందండి" అంది చీమ.

"దేనికింద?"

"తమరి కారు కిందండి."

ఆయన వంగి చూశారు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. కార్యదర్శిగారి మొహం అంతదాకా తెల్లగా పాలిపోయి ఉంది, మడి గురించి కాదు, అచ్చు గురించి. ఆ తెరిచిన నోరు చూడగానే కళ వచ్చేసింది.

"నివ్వెరపోయారండీ! అక్షరం పొల్లుపోలేదు!"

చప్పట్లు.

ఇక ఫొటోకి టమాటాలు కావాలి. ఒక సేవకుణ్ణి బజారుకి పరిగెత్తించారు. వాడు ఎదురుగా కనపడ్డ తోపుడుబండి దగ్గర గంపెడు కొన్నాడు. "ఇన్నెందుకు బాబూ?" అంది బండామె. "ఎవరో పిల్ల బ్రహ్మాండంగా పండించిందంట అత్తా, ఫొటో తీయాలి" అన్నాడు వాడు. ఆవిడ మురిసిపోయి గుప్పెడు ఎక్కువేసింది. నా కూతురు కూడా ఇవాళ అక్కడే ఉందని చెప్పింది. ఆ టమాటాలే తెల్లకారు మీద పేర్చి, పక్కన చీమని నిలబెట్టి, నవ్వమన్నారు.

అందరూ మళ్లీ హాల్లోకి. చీమ చేతికి వెండిరంగు కప్పు ఇచ్చారు. మూడేళ్లు మడి ఆమెదే అని అధ్యక్షులవారు చాటారు. అంతటితో ఆగలేదు. "అతిథులకి వెనక జాగా ఎంతో సౌకర్యంగా ఉందని తెలిసింది. కనక ఇకనుంచి అక్కడ సాగూ, కార్లూ అన్నదమ్ముల్లా కలిసి ఉంటాయని సవినయంగా ప్రకటిస్తున్నాను!" మళ్లీ చప్పట్లు. రైతుకి నేల ఇచ్చి, ఆ నేలమీద కారు నిలిపి, రైతుచేతే కృతజ్ఞతలు చెప్పించుకునే సంఘం మరొకటి ఎక్కడైనా ఉంటే చూపించండి.

చీమ మైకు వైపు అడుగేసింది. కార్యదర్శిగారు చటుక్కున మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు మాట్లాడలేదమ్మా."

"మాట్లాడతానండి."

"కాదు తల్లీ, నువ్వు మాట్లాడలేదు. 'ఆనందంతో ఆమెకు నోట మాట రాలేదు' అని వేశాం. రెండో పేజీ."

హాల్లో పేజీలు తిప్పిన చప్పుడు. నిజమే, ఉంది. జనం తలలెత్తి చీమ వైపు కాస్త చిరాగ్గా చూశారు. రాలేదని అంత స్పష్టంగా ఉండగా ఈ పిల్ల నోరెందుకు తెరుస్తోంది? "రాలేదన్నారుగా అమ్మాయ్, దిగు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు కూడా.

"నాకు రాలేదని రాయలేదుగదరా!" హాలు మధ్యనుంచి అమ్మమ్మ గొంతు. "వినండి! గోడవార రెండు సాళ్లు ఇంకా బతికున్నాయి. లోపలికొచ్చేటప్పుడు తిన్నగా వచ్చారు. తిప్పుకుని పోవాలంటే మాత్రం ఆ రెండిటి మీదనుంచే పోవాలి. ఎవడు తిప్పుతాడో రండి, చూస్తా!"

చీమ దిగింది. జనం అన్నట్టే దిగింది, కానీ కుర్చీలోకి కాదు. కప్పు పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది.

సంఘానికి చీమ కుట్టినట్టయినా లేదు. వందన సమర్పణ జరిగింది, అందరూ కారుతాళాలు తిప్పుకుంటూ లేచారు. ఇప్పుడు వెనక గేటుకి అడ్డంగా అమ్మమ్మ బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉంది. చీమ గోడవారన వాలిన మొక్కలకి కొత్త కర్రలు పాతి, కప్పుతో నీళ్లు పోస్తోంది. సంఘం ఇన్నేళ్లుగా పంచిన కప్పుల్లో వ్యవసాయానికి అక్కరకొచ్చింది ఇదొక్కటే. కార్లవాళ్లు కార్లెక్కి హారన్లు కొడుతున్నారు.

కనక ఇప్పుడు, ఈ క్షణాన జరగాల్సింది ఇది. పత్రికలో వెతక్కండి, అందులో లేదు. ఒక్క కారు కూడా స్టార్టు చెయ్యొద్దు. తాళాలన్నీ బల్లమీద పెట్టండి. ఒక్కొక్క కారునీ చేతులతో ఎత్తి, ఆ రెండు సాళ్లు తగలకుండా గేటు దాటించండి. యువశక్తి కొండల్ని కదిలిస్తుందని హాలు గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాయించారుగా. కొండల సంగతి తర్వాత, ముందు తెల్లకారు కదిలించండి. అధ్యక్షులవారు మోకాళ్లు వదిలేసి, దాచుకున్న ఉత్సాహం అంతా తీసుకుని రావాలి. కార్యదర్శిగారు కలం జేబులో పెట్టి రావాలి. మడి మీద ఇంకో టైరు పడకుండా మూడేళ్లూ ఆ పిల్లకే వదలాలి.

ఇదంతా చదివి ఇందాకట్నుంచీ నవ్వుతున్న మీరు కూడా లేవాలి. తిలా పాపం తలా పిడికెడు. మీరూ ఆ హాల్లోనే ఉన్నారు, రెండో పేజీ తిప్పి చూసుకున్నారు. తెల్లకారు వెనకున్న నీలంకారు మీదే. నవ్వింది చాలు. వచ్చి ఒక చెయ్యి వెయ్యండి.